ఓబుళేసు బావ గేట్‌వాల్వు

పోయేముందు ఇంట్లోవాళ్లకు ఏమీ చెప్పకండి! ఇది నా సలహా. ఫీజు అక్కర్లేదు.

ఈమధ్య పేపర్లలో, ఫోన్లలో ఒకటే పోరు. పాస్‌బుక్కు ఎక్కడుందో, ఇన్సూరెన్సు బాండు ఏ అరలో ఉందో, ఫోన్ పిన్ నంబరేమిటో అన్నీ ఒక ఫైల్లో రాసిపెట్టి ఇంట్లోవాళ్లకు చూపించాలట. చూపిస్తే ఏమవుతుంది? పదకొండో రోజుకల్లా పనులన్నీ తెమిలిపోతాయి. పన్నెండో రోజు నుంచి మిమ్మల్ని తలిచేదెవరు? ఫొటోకు ప్లాస్టిక్ దండ వేసి ఊరుకుంటారు.

అదే, ఏమీ చెప్పకుండా పోయారనుకోండి! ఇంటిల్లిపాదీ మూడుపూటలా మిమ్మల్నే తలుచుకుంటారు. ఏ మాటలతో అన్నది వేరే సంగతి.

నమ్మరా? మా ఓబుళేసు బావనే చూడండి. మా ఆవిడ ఈశ్వరికి సొంత అన్న. కొత్తచెరువు దగ్గర మూడెకరాల చీనీతోట, అదే బత్తాయితోట. ఆరు బోర్లు వేస్తే ఒక్కదాంట్లో నీళ్లు పడ్డాయి. దిగువతోటకు నీళ్లు తిప్పే గేట్‌వాల్వును దొంగల భయంతో, అంతకన్నా ఎక్కువ దిష్టి భయంతో, గుంతలో పెట్టి, పైన బండ మూసి, బండ మీద మన్ను కప్పాడు. చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు తానే తిప్పి, మళ్లీ మన్ను కప్పేవాడు. అదెక్కడుందో ఆయన భార్య తిప్పమ్మక్కకు కూడా తెలియదు.

మార్చిలో ఒక పొద్దున కాఫీ తాగుతూ తాగుతూ పోయాడు. అప్పటికి వాల్వు కట్టేసి ఉంది. మోటారు ఆడితే ఎగువతోట తడుస్తుంది, దిగువన నూటయాభై చెట్లకు చుక్క నీరు లేదు. తొమ్మిదేళ్లు బిడ్డల్లా సాకిన చెట్లు!

పైగా ఆ మోటారు స్టార్టరు, కరెంటు రాగానే యజమానికి ఫోన్ చేసి చెప్పే రకం. బావ పోయిన సంగతి దానికేం తెలుసు? రోజూ చేస్తూనే ఉంది. తిప్పమ్మక్క ఫోనెత్తి, "ఆయప్ప లేడని దీనికి చెప్పల్లంటే యాడ నొక్కల్లన్నా?" అని నన్నడిగింది. అన్ని బటన్లూ ఉన్న ఆ ఫోన్లో ఆ బటన్ ఒక్కటే లేదు.

పైపుల మెకానిక్ అల్లాబకాష్ గడ్డపార తీసుకుని దిగాడు. ఇరవైరెండు గుంతలు తవ్వాడు. "ఏమప్పా, మీ బావ పెట్టింది వాల్వా, నిధా?" అని గుంతకోసారి అడిగాడు. బావ కూతురు మౌనికైతే, "నాయన ఒక చీటీ రాసిపెట్టింటే ఏం పోయేది?" అంది. ఏం పోయేదా? ఈ కీర్తంతా పోయేది! చనిపోయి పదిహేను రోజులైనా ఊరంతా ఆయన మాటే అంటే, ఏ నాయకుడికి దక్కింది ఆ భాగ్యం?

పదహారో రోజున వాల్వు దొరికింది. మొదటి గుంతలో తీసిన మన్ను అల్లాబకాష్ ఎక్కడ పోశాడో, సరిగ్గా దాని కిందే ఉంది. అప్పటికే అరవై చెట్లు ఎండిపోయాయి. తిప్పమ్మక్క ఒక కొమ్మ వంచితే పుటుక్కున విరిగింది. "ఒక్క మాటన్నా చెప్పకుండా పోయినాడు సూడన్నా" అని ఏడ్చింది.

ఇక్కడిదాకా బాగానే వాదించాను కదా? ఇక అసలు సంగతి చెప్పాలి.

శివరాత్రి మర్నాడు బావ నాకు ఫోన్ చేశాడు. "బావా, ఒంట్లో బాగుండల్లేదు. ఒకతూరి వచ్చి వాల్వు యాడుండాదో చూసి పో. తిప్పమ్మకు చెప్తామంటే చెవులు మూసుకుంటాది" అన్నాడు. నేనేమన్నాను? "ఛీ, పాడు మాటలు! నూరేళ్లుంటావు. తథాస్తు దేవతలుంటారు, ఊరుకో!" అని ఫోన్ పెట్టేశాను. ధైర్యం చెప్పానని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

నేను గుంతకల్లులో రైల్వే గార్డుగా రిటైరైనవాణ్ని. చివరి రోజున రెండు జెండాలు, ఒక విజిల్, టార్చిలైటు సంతకం పెట్టి మరీ అప్పగించి వచ్చాను. బావ తన తోట అప్పగిస్తానంటే మాత్రం అశుభమన్నాను. చెప్పకుండా పోయినవాణ్ని ఊరంతా తిట్టింది. విననివాణ్ని ఎవరూ ఒక్క మాట అనలేదు.

నిన్న పొద్దున ఈశ్వరిని కూర్చోబెట్టి, నా పెన్షన్ కాగితాల ఫైలు ముందు పెట్టాను. "నాకేమన్నా అయితే..." అన్నానో లేదో, "థూ, థూ! టిఫిన్ తినేటప్పుడు ఏం మాటలవి?" అని రెండు చేతులతో చెవులు మూసుకుంది.

ఫైలు పక్కన పెట్టాను.

"మీ అన్న నాకు చెప్తానన్నాడు ఈశ్వరీ. నేనే ఇనలేదు" అన్నాను.

ఆమె చేతులు మెల్లగా కిందికి దిగాయి.