డివ్‌లో పెట్టిన వీధి

మనం పిలిస్తే దేవుడికి వినపడుతుందా అన్న సందేహం నాకు చాలా ఏళ్లుగా ఉంది. కిందటి శ్రావణంలో కుమ్మరపేట రెండో వీధిని జావాస్క్రిప్టు అనే కంప్యూటరు భాషతో ఒక కొత్త డివ్‌లో పెట్టిన దగ్గర్నుంచి మనుషుల విషయంలోనూ అదే సందేహం పట్టుకుంది.

వీధులన్నీ వెబ్‌పేజీలుగా మారి చాలా కాలమైంది కాబట్టి ఇందులో వింతేమీ లేదు. డివ్ అంటే ఒక ఖాళీ పెట్టె. దానికి రంగు ఉండదు, కంటికి ఆనదు. పేజీలో ఉన్నదంతా ఒకే పెట్టెలో ఉంటే మొత్తాన్ని ఒక్కసారిగా జరపవచ్చు. రెండో వీధి తెర మీద ఎడమ పక్కకి ఒరిగి ఉందనీ, పైనుంచి చూసే అధికారులకు మెడ పట్టేస్తోందనీ, వీధిని మధ్యకి తెచ్చి అటూ ఇటూ సమానంగా ఖాళీ వదలాలనీ వీధుల పేజీలు చూసే పుటల శాఖ ఉత్తర్వు ఇచ్చింది. వీధివాళ్లు అడిగింది కొళాయి నీళ్లు. మంజూరైంది పెట్టె.

పద్ధతి ప్రకారమైతే ముందు ఖాళీ పెట్టె తయారుచేయాలి. తర్వాత ఇళ్లను మనుషులతో సహా ఒక్కొక్కటిగా ఎత్తి అందులో దించాలి. కాంట్రాక్టరు తరఫున వచ్చిన ఇంజనీరు హైమావతి భోజనాల వేళకే పని తేల్చేయాలనుకుంది. వీధి మొత్తాన్ని అక్షరాలుగా చదివించి, మొదట్లో పెట్టె తెరిచే గుర్తు, చివర్లో మూసే గుర్తు చేర్చి, పాత వీధిని చెరిపి ఆ రాతనే కొత్త వీధిగా రాసేసింది. ఒక్క వాక్యంతో అయిపోయింది. ఇళ్లు, కుక్కలు, ఆరేసిన చీరలు, ముఖాలు ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి. వీధి మధ్యకి వచ్చింది.

పిండిమర వీరభద్రయ్య ఆ సమయానికి ఊరవతల శివాలయంలో అభిషేకం చేయిస్తున్నాడు. వీధిలో లేడు కాబట్టి అతన్ని చెరపనూ లేదు, రాయనూ లేదు. తిరిగి వచ్చేసరికి భార్య సామ్రాజ్యం వసారాలో బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"ఇదిగో, తీర్థం తీసుకో," అన్నాడు.

ఆమె తలెత్తలేదు. భుజం తట్టాడు. ఆమె ఇంకో రాయి ఏరి పక్కన పెట్టింది.

వేళకి జరగాల్సినవన్నీ జరిగాయి. పొయ్యి వెలిగింది, పప్పు ఉడికింది, కంచం పడింది. పిలిస్తే జరగాల్సినవే జరగలేదు. వీధంతా అంతే. వీధి చివరి రామమందిరం కూడా పెట్టెలోనే ఉంది. అక్కడ గంట కొట్టినప్పుడు తేడా వచ్చిందో లేదో తేల్చే ఏర్పాటు శాఖ దగ్గర లేదు.

వీరభద్రయ్య శాఖకు వెళ్లాడు. సహాయాధికారి కామరాజు అతన్ని కూర్చోమన్నాడు.

"మనిషి ఉందా?"

"ఉందండి."

"అన్నం పెడతందా?"

"పెడతందండి. పిలిస్తే పలకట్లేదండి."

"మా ఇంట్లో ఏ డివ్వూ లేకుండానే పలకదయ్యా," అన్నాడు కామరాజు, నవ్వకుండా.

అయినా విచారణ జరిపించాడు. ఉద్యోగి ఇంటింటికీ వెళ్లి, పెట్టె వల్ల ఇబ్బంది ఉందా అని అడిగాడు. ఏ ఇంట్లోనూ ఎవరూ బదులు చెప్పలేదు. ఇబ్బందులు లేవని నివేదిక వచ్చింది. అది చూసి మూడో వీధివాళ్లు తమకి పెట్టె ఎప్పుడని శాఖ చుట్టూ తిరగడం మొదలుపెట్టారు.

హైమావతి మాత్రం వీరభద్రయ్యని శాఖ మెట్ల దగ్గర ఆపింది.

"బాబాయ్ గారూ, వినడమనేది రాతలో ఉండదండి. మనిషికి తగిలించి ఉంటది. ఎత్తి పెట్టుంటే దాంతోపాటే వచ్చేది. నేను రాసి పెట్టాను. ఇంట్లో ఉన్నది ఆ రాతేనండి."

"మరి మా ఆవిడేదమ్మా?"

"ఉన్నారండి. ఏ పేజీలోనూ లేరు, అంతే. మీరప్పుడు బయటున్నారు కాబట్టి ఆవిడ పేరు మీ దగ్గరుండిపోయింది. అది పట్టుకున్నంతకాలం ఆవిడుంటారు. వదిలేశారా, చెత్త ఏరే బండి వచ్చి పట్టుకెళ్లిపోద్ది."

"పిలిస్తే వింటదా?"

"వింటారండి. పలుకుతారు కూడా. మీకు వినపడదు." ఆమే మళ్లీ అడిగింది. "పేరు పెట్టే పిలుస్తున్నారు కదా?"

"'ఇదిగో' అంటానమ్మా," అన్నాడు వీరభద్రయ్య.

"'ఇదిగో' అంటే ఎవరికి చేరుద్దండి? మీ వీధి మగాళ్లంతా అదే అంటారు."

ఆ వారంలోనే శాఖనుంచి మనిషి వచ్చాడు. ఏ పేజీలోనూ లేని మనిషికోసం చోటు వృథా అవుతోందనీ, పేరు వదిలేస్తే ఇంట్లో ఉన్నావిడనే భార్యగా ఖాయం చేస్తామనీ, రేషన్ కార్డుకి ఏ ఢోకా ఉండదనీ మర్యాదగా చెప్పాడు. ఆలోచించుకుని చెబుతానన్నాడు వీరభద్రయ్య. రెండు పూటలా వేళకి అన్నం దొరుకుతోంది. పప్పులో ఉప్పు కూడా సరిగ్గానే ఉంటోంది. భయం వేసింది అందుకే.

సంగతి తెలిసి అతని అక్క రంగనాయకమ్మ బస్సెక్కి వచ్చింది. సామ్రాజ్యం గడ్డం పట్టుకుని చూసింది, పలకరించింది, ఏడ్చింది. సాయంత్రం తమ్ముడు పిండిమర నుంచి వచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకోవే అక్కా."

"తప్పుకోను. పెళ్లయి వచ్చిన రోజు ఇదే గుమ్మంలో పేర్లు చెప్పమన్నాను. అది నీ పేరు చెప్పింది. నువ్వు సిగ్గుపడి, తర్వాత చెప్తానే అని నా చెయ్యి కిందనుంచి దూరిపోయావు. ఇప్పుడు చెప్పు."

"ఇప్పుడు చెప్తే ఏం లాభం? అది వినదు."

"ఇది వినదు. అది వింటదంట కదరా."

వీరభద్రయ్య చెప్పులు విప్పాడు. ఒంటి మీది పిండి దులుపుకున్నాడు. ఎటు చూసి చెప్పాలో తెలియక గడపవైపు చూశాడు.

"నేను వీరభద్రయ్యని. నా భార్య సామ్రాజ్యంతో కలిసి వచ్చాను. లోపలికి రానియ్యి అక్కా," అన్నాడు.

లోపల సామ్రాజ్యం కంచం పెట్టి, పక్కన నీళ్ల గ్లాసు పెట్టింది. వేళైంది.

రంగనాయకమ్మ చెయ్యి దించింది. ఇద్దరు పట్టేంత దారి వదిలి పక్కకి జరిగింది.