రేపు రద్దు

ఇకమీదట రాయచూరులో రేపు అనేది లేదు. ఈ మేరకు బట్టల వర్తకుల సంఘం ఒక ఆదివారం సాయంకాలం సర్వసమ్మతితో తీర్మానం చేసింది. ప్రతిపాదించినవాడు బెంగళూరు నుంచి వచ్చిన జీవన వికాస శిక్షకుడు జయతీర్థ. లేచి నిలబడి బలపరిచినవాడు చీరల కొట్టు వీరభద్రయ్య. తీర్మానం అయ్యాక, కూలిపోతున్న సంఘం మెట్ల మరమ్మతు విషయాన్ని వచ్చే నెలకు వాయిదా వేశారు.

జయతీర్థ చెప్పింది ఒకే మాట. ప్రతి దినాన్నీ ఇదే మీ కడే దినం, ఆఖరి రోజు అనుకుని బతకండి. అప్పుడు పగ ఉండదు, బద్ధకముండదు, భయముండదు. హాలంతా కళ్లు తుడుచుకుంది. తరువాత భోజనాల దగ్గర ఆయన జిలేబీని వేలితో పక్కకు నెట్టి, ఇంకా ముప్పై ఏళ్లు బతకాలి కదండీ, చక్కెర మంచిది కాదు అన్నాడు. ఆ మాట పక్కన కూర్చున్న వీరభద్రయ్య చెవిలో పడింది కానీ లోపలికి పోలేదు. ఆయన అప్పటికే ఏడుపు మీద ఉన్నాడు.

నిజానికి ఆఖరి రోజు వీరభద్రయ్యకు కొత్త కాదు. ఆయన కొట్టు నెత్తిన ఏళ్ల తరబడి ఒక బోర్డు వేలాడుతోంది. ఇవాళే ఆఖరి రోజు. ఇందే కడే దిన. ఆజ్ ఆఖ్రీ దిన్. కొట్టు మూసేస్తున్నాం, ఉన్న చీరలన్నీ వచ్చిన ధరకే. ఎండకు అక్షరాలు వెలిసిపోతే మళ్లీ రాయించేవాడు. ఒక ఆఖరి రోజుకు ఆయుష్షు తీరితే ఇంకో ఆఖరి రోజు ఎక్కేది. మాన్వి నుంచి పెళ్లిబట్టలకు వచ్చేవాళ్లు, ఆఖరి రోజు కొట్టు ఎక్కడ అని అడిగితే బస్టాండులోనే దారి చెప్పేవారు.

ఆ బోర్డే అన్నదమ్ములను విడదీసింది. ఎదుటి వరుసలోని కొట్టు అన్న నాగన్నది. ఇద్దరూ కొట్లు పంచుకున్నప్పుడు కూడా తగవు రాలేదు. ఒకనాడు సందు నిండా జనం ఉండగా నాగన్న అవతలి నుంచి కేకేశాడు.

"ఏ రోజు మూస్తవో ముందుగాల చెప్పు తమ్మీ. దండ తీస్కొస్త."

జనం నవ్వారు. నాగన్న చెప్పిన దండ షట్టరుకు. వీరభద్రయ్యకు అది తన మెడ మీద పడింది. సొంత అన్న నా శవానికి పూలు కొంటానన్నాడు అనుకున్నాడు. అంతే, మాటలు తెగిపోయాయి. ఆ ఇంట్లో తెలుగు ఇంటివాళ్లకు, కన్నడ ఆఫీసులకు, ఉర్దూ బేరాలకు. తగవు తరువాత అన్నదమ్ముల మధ్య మూడూ లేకుండా పోయాయి. అయినా పొద్దున తన షట్టరు ఎత్తే ముందు వీరభద్రయ్య ఎదురుగా అన్న షట్టరు లేచిందో లేదో చూసేవాడు. అది లేచేదాకా గద్దె మీద కుదురుగా కూర్చోలేకపోయేవాడు. దాన్ని ఆయన పగ అనుకునేవాడు.

ఉపన్యాసం విని ఇంటికొచ్చి భార్య అహల్యకు విషయం చెప్పాడు. ఇవాళే ఆఖరి రోజనుకుని బతకాలి, రేపు అనుకోవడమే మనిషి చేసే తప్పు అన్నాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ అంతా విని, ఒకటే అడిగింది.

"అయితె దోసెలకు నానేసిన బియ్యం రుబ్బాల్నా, పారబోయాల్నా?"

వేదాంతానికి ఇంత కష్టమైన ప్రశ్న జయతీర్థను ఎవరూ అడిగి ఉండరు.

"రుబ్బు," అన్నాడు వీరభద్రయ్య.

మర్నాడు ఆ దోసెలు తిని, ఆఖరి రోజు మనిషై, సందు దాటి అన్న కొట్టు ఎక్కాడు. రాత్రంతా ఒక వాక్యం కూర్చుకున్నాడు. అన్నా, ఇవాళ నా ఆఖరి రోజే అయితే నీతో మాట్లాడకుండా ఎట్లా పోతాను అనుకుని వచ్చాను, అని. అంత పొడుగు వాక్యం గొంతులో పట్టలేదు. ముక్కే బయటపడింది.

"అన్నా... నాకు ఇయ్యాల ఆఖరి రోజు."

నాగన్న చేతిలో మీటరు బద్ద అట్లాగే ఆగింది. తమ్ముడు మొన్ననే హైదరాబాదు పోయివచ్చాడని బజారుకంతా తెలుసు. రాయచూరువాళ్లు హైదరాబాదు పోయేది రెండింటికి, సరుకుకు, పెద్దాసుపత్రికి. సరుకు తెచ్చుకున్నవాడు ఎందుకేడుస్తాడు? నాగన్న బద్ద కింద పడేసి తమ్ముణ్ణి పట్టుకున్నాడు.

"ఆ దండ మాట నా నోట్ల పుండయి కూసుందిరా. వాపసు తీసుకుందామంటె నువ్వు నా దిక్కు సూడకపోతివి."

అన్న అరచేయి నెత్తి మీద ఉంది. చిన్నప్పుడు జ్వరమొస్తే పెట్టిన చేయే. అన్న పొరబడ్డాడని వీరభద్రయ్యకు అప్పుడే తెలిసింది. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే ఆ చేయి తీసేస్తాడేమో. ఇది రేపు చెప్పుకోవచ్చులే అనుకున్నాడు. రేపును రద్దు చేసిన మనిషి, తెల్లారి ఇంకా మధ్యాహ్నమైనా కాకుండానే, దాన్ని మళ్లీ పుట్టించాడు.

ఆ రేపు వచ్చింది, పోయింది. ఈలోగా సందంతా తెలిసిపోయింది. చావబోయే మనిషికి మన దగ్గర ఉన్నంత గౌరవం బతికున్నవాడికి, వాడు కలెక్టరైనా సరే, దొరకదు. పక్క కొట్టు కిష్టప్ప వచ్చి, మీ చీరలు ఉతికితే రంగు పోతాయని పుకారు పుట్టించింది నేనే అని ఒప్పుకున్నాడు. సంఘం అధ్యక్షుడు సూగురేశ్ వచ్చి, పోయిన ఎన్నికల్లో నీకు ఓటేస్తానని చెప్పి వెయ్యలేదన్నాడు. వీరభద్రయ్య కళ్లు సగం మూసి అందరినీ క్షమించాడు. మాన్వి నుంచి చెల్లెలు పంపమ్మ డబ్బా నిండా పూర్ణం హోళిగలు చేసి తెచ్చింది, అన్న తింటుంటే కొంగుతో ముఖం కప్పుకుంది. నాగన్న రోజూ సాయంత్రం కొట్టు మూసి నేరుగా తమ్ముడి ఇంటికొచ్చి, నాన్న సైకిలు మీద మట్మారికి చీరల మూట వేసుకుపోయిన రోజుల ముచ్చట్లు చెప్పేవాడు. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వేవారు. నవ్వి, ఒకడి ముఖం ఒకడు చూసి ఏడ్చేవారు. వీరభద్రయ్య జీవితంలో అంత సుఖపడిన రోజులు లేవు.

వచ్చిన చిక్కల్లా, ఆయన లావయ్యాడు. బుగ్గలకు నునుపు వచ్చింది. చావబోయేవాడు బరువు పెరగడం సభ్యత కాదు. బజారులో జనం, ఇంకా ఉన్నాడా అని అడగడం మొదలుపెట్టారు, అడిగి నాలుక కరుచుకున్నారు. తప్పులు ఒప్పుకున్నవాళ్లకైతే నిద్ర పట్టడం లేదు. చచ్చేవాడి కడుపులో రహస్యం భద్రంగా ఉంటుందని కదా చెప్పింది.

ఒక సాయంత్రం నాగన్న కారు మాట్లాడుకుని వచ్చాడు. హైదరాబాదు ఆసుపత్రికే మళ్లీ పోదాం, పెద్ద డాక్టరు కాళ్లు పట్టుకుంటాను అన్నాడు. అక్కడేమన్నారో చెప్పమని అహల్యను అడిగాడు. ఆమె ఇన్నాళ్లూ మొగుడు తానే చెబుతాడని చూసింది. మొగుడు పైకప్పు చూస్తున్నాడు.

"ఏం ఆసుపత్రి బావా? సీరల కోసం పోయిండు."

నాగన్న తమ్ముడి బుగ్గల వంక చూశాడు. హోళిగల డబ్బా వంక చూశాడు.

"బజార్ల బోర్డు ఇంట్లకు తెచ్చినవ్," అని లేచిపోయాడు.

పంపమ్మ ఫోను చేసి, సావకపోతె ఒక మాట చెప్పాలె గదా, మాన్వి నుంచి బస్సుల నిలబడి వచ్చిన అని కోప్పడింది. కిష్టప్ప రంగు పుకారు మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి కసిగా. వీరభద్రయ్యకు దిక్కు తోచక జయతీర్థకు ఫోను చేశాడు. మీరు చెప్పినట్టే బతికానండీ, మర్నాడు ఏం చేయాలో చెప్పలేదు అనబోయాడు. అవతల ఏదో సభ చప్పట్లు వినిపిస్తున్నాయి. ఈగ బిజీ ఇద్దీని సార్, నాళె ఫోన్ మాడి అన్నాడు జయతీర్థ, ఇప్పుడు తీరిక లేదు, రేపు చేయమని.

ఆఖరి రోజు మనిషి ఎంత మంచివాడైనా కావచ్చు. మర్నాడు షట్టరు ఎత్తే పని ఉండదు. వీరభద్రయ్యకు ఉంది. షట్టరు ఎత్తి, అన్న షట్టరు లేచేదాకా ఆగి, ఈసారి ఏ వాక్యమూ కూర్చుకోకుండా సందు దాటి అన్న గడప దగ్గర నిలబడ్డాడు. నాగన్న తలెత్తలేదు. చీర మడత పెడుతూ అన్నాడు.

"నాళె బా."

కన్నడలో, రేపు రా అని. ఆఫీసు గుమాస్తా అర్జీదారుడితో అనే మాట. చందాలకు వచ్చినవాళ్లతో దుకాణందారు అనే మాట. వాళ్ల అమ్మ కాలంలోనైతే, రాత్రి తలుపు తట్టే చావు దయ్యం వెనక్కి పోవాలని తలుపు మీద సుద్దతో ఇదే మాట రాసేవారు. వీరభద్రయ్య తల వంచుకుని ఇంటికొచ్చి, అన్న నన్ను దయ్యాల లెక్కలో వేశాడని చెప్పాడు.

"నాళె అన్నడు గదా," అంది అహల్య. "రాకు అనలె గదా."

మర్నాడు పోయాడు. నాళె బా. ఆ మర్నాడూ పోయాడు. నాళె బా. గిరాకీ ఉన్నా లేకున్నా, పొద్దున సందు దాటడం, ఆ మాట అనిపించుకుని రావడం ఆయనకు అలవాటైంది. బజారు నవ్వింది. నవ్వి నవ్వి విసుగొచ్చి మానేసింది. ఆ బోర్డు మాత్రం పైన ఉండనే ఉంది. ఇవాళే ఆఖరి రోజు. దాని కింద నుంచే ఆయన రోజూ రేపటికి వాయిదా తెచ్చుకునేవాడు.

వానలు మొదలయ్యాక వీరభద్రయ్యకు నిజంగానే జ్వరం వచ్చింది. వణికిపోతూ మంచం మీదే ఉండిపోయాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని అహల్యతో అన్నాడు, చెబితే ఎవరు నమ్ముతారు గనక? సాయంత్రం వాకిట్లో తడి గొడుగు చప్పుడైంది. నాగన్న చెప్పులు విడవకుండానే గదిలోకి వచ్చాడు.

"ఏందిరా, రమ్మంటె రాలె?"

తెలుగులో. వీరభద్రయ్య లేవబోయి లేవలేకపోయాడు.

"జరమొచ్చిందన్నా."

నాగన్న నమ్మనివాడిలా ముఖం పెట్టి, మంచం పక్కన నిలబడి నుదుటి మీద చేయి వేశాడు. జ్వరముందో లేదో తెలుసుకోవడానికి అంతసేపు అక్కర్లేదు.

"ఆఖరి రోజేనా?"

చేయి అక్కడే ఉంది. అవునంటే ఇంకాసేపు ఉంటుంది.

"కాదన్నా," అన్నాడు వీరభద్రయ్య. "ఉత్త జరమే."

నాగన్న చేయి తీసి గొడుగు అందుకున్నాడు. గడప దాకా పోయి, వెనక్కి తిరగకుండా అన్నాడు.

"అయితె రేపు రా. నాష్టా చెయ్యకుండ రా, మా ఇంట్ల చేద్దువు. లేవకపోతె నేనే వస్త."

వంటింట్లో అహల్య, రుబ్బాలా పారబోయాలా అని ఎవరినీ అడగకుండా, గ్రైండరు వేసింది.