రెండు ఆసులు, ఒక లారీ కట్టెలు

పెర్నిక్ పట్టణ బలమైన ముక్కల సలహా సంఘం పెద్దల్లారా! ఈ చలికాలంలో రోసిత్సా ముతాఫోవా ఇంట్లో పొయ్యి రాజుకోకపోవడానికి కారణం మంచు కాదు, దేవుడు కాదు, ప్రభుత్వం కూడా కాదు (దాని సంగతి ఇంకో రోజు చూద్దాం). మీరు. మీ తొమ్మిది మందీ, మీ రబ్బరు ముద్రా.

పోకరు తెలియనివాళ్ళకి ఒక మాట. చేతికి రెండు ముక్కలు బోర్లా వస్తాయి. తర్వాత బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరుస్తారు. పందేనికి హద్దు లేదు. బుద్ధి పుట్టినప్పుడు ముందున్న పందెపు బిళ్ళలన్నీ ఒక్కసారే తోసేయొచ్చు. చేతికొచ్చే జతల్లో రెండు ఆసుల్ని మించింది లేదు. కానీ అవి వచ్చినవాడి కష్టం రానివాడికి అర్థం కాదు. పెద్ద పందెం వేశావా, చుట్టూ ఉన్నవాళ్ళంతా ముక్కలు పారేసి లేచిపోతారు, నీకు మిగిలేది చిల్లర. ఏమీ ఎరగనట్టు కూర్చున్నావా, అందరూ లోపలికొస్తారు. వాళ్ళలో ఎవడో ఒకడు ఏడూ రెండూ పట్టుకొచ్చి, మధ్యలో ఇంకో రెండు ఏడులు తెప్పించుకుని నీ కొంప ముంచుతాడు.

మిగతా ఊళ్ళలో ఈ నిర్ణయం మనిషి ఒంటరిగా తీసుకుంటాడు, ఒంటరిగా మునుగుతాడు. మా ఊరు మనుషుల్ని అలా గాలికొదిలేసే ఊరు కాదు. కిందటి శరదృతువులో మా క్లబ్బు అధ్యక్షుడు రెండు ఆసులు పట్టుకుని ఒక మంగలి చేతిలో ఓడిపోయాడు. లేచి నిలబడి, “ఇలా జరగొచ్చని నాకెవరూ ఎందుకు చెప్పలేదు?” అన్నాడు. బాధ్యత గల పట్టణంలో ఇలాంటి ప్రశ్నకి ఒకటే జవాబు. కమిటీ వేశారు.

కమిటీ ముందుగా ముక్కలకి హోదాలిచ్చింది. ఆసుల జత, రాజుల జత ప్రథమ శ్రేణి. రాణులు, జాకీలు ద్వితీయ శ్రేణి. పదుల జతని మాత్రం ప్రవర్తన బాగుంటే బలమైనదిగా పరిగణించవచ్చు. నాలుగో నిబంధన ప్రకారం బలమైన జత వచ్చినవాడు నోరు విప్పకుండా చెయ్యెత్తాలి. అప్పుడు విధుల్లో ఉన్న సలహాదారు ఇంజనీర్ కుట్సరోవ్ వచ్చి చెవిలో చెప్తాడు. (ఆయన లిఫ్టుల ఇంజనీరు. మా పేటలో అందరం మెట్లెక్కుతాం.)

మొదటి ఆదివారమే ఒకడు చెయ్యెత్తాడు. కుట్సరోవ్ కళ్ళజోడు వెతుక్కునేలోపు బల్ల దగ్గర అందరూ ముక్కలు పారేశారు. రెండోవాడు ఎత్తాడు, అదే జరిగింది. ఆసులకి విలువ లేకుండా పోయింది. సంఘం కూర్చుని, ఆలోచించి, లోపం పట్టుకుంది: గోప్యత చాలడం లేదట.

మా క్లబ్బు నడిచేది పాత సాంస్కృతిక భవనంలో. అక్కడ కోట్లు అప్పజెప్పే చోట మూడు కిటికీలున్నాయి. ఒకటో కిటికీ ఆసులకి, రెండోది రాజులకి, మూడోది ఇతరాలకి కేటాయించారు. గోప్యత కోసం ప్రతి కిటికీకీ లోపలివైపు తెర కట్టారు. (బయట వరసలో నిలబడ్డవాళ్ళకి తెర లేదు. బట్ట చాల్లేదు.) ఒకటో కిటికీ ముందు నిలబడితే ఎదుటివాళ్ళు హడలి ముక్కలు పారేస్తారని జనం ఇట్టే కనిపెట్టారు. మూడూ ఎనిమిదీ వచ్చినవాడు కూడా ఛాతీ విరుచుకుని అక్కడే నిలబడటం మొదలుపెట్టాడు. సంఘం నివేదిక చదివింది: మా కృషి వల్ల బల్లకి సగటున ఏడు ఆసులు నమోదవుతున్నాయి.

సభలో నేను లేచాను. “పేక మొత్తం గాలించినా ఉండేవి నాలుగు ఆసులేనయ్యా!”

“అది పాత యాజమాన్యం నాటి లెక్కండీ,” అన్నాడు కుట్సరోవ్. చప్పట్లు కొట్టారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. చలికాలపు పోటీకి బహుమతి పెట్టాక నవ్వు ఆగింది. ఒక లారీ ఓక్ కట్టెలు. ఎండినవి, చీల్చినవి. రోసిత్సా గని క్యాంటీన్‌లో గరిటె తిప్పిన మనిషి. ఆవిడ కేకేస్తే గనిలో ఉన్నవాళ్ళు కూడా పలికేవాళ్ళు. కిందటేడు పచ్చి కట్టెలు అంటగట్టి మోసం చేశారు, ఈ ఏడు కొట్టంలో పుల్ల లేదు. గని దుమ్ము తిన్న ఊపిరితిత్తులతో భర్త కోటు తొడుక్కునే పడుకుంటున్నాడు. ఆ లారీ కోసం ఆవిడ వచ్చింది, ఆడింది, చివరిదాకా నిలిచింది.

ఎదురుగా మిగిలినవాడు రంగెల్. మినీబస్సు నడుపుతాడు, ఇంట్లో గ్యాస్ హీటరుంది, కట్టెలేమో రాకియా సారా కాయడానికి కావాలంటాడు. (సంఘంలో తొమ్మిదో సభ్యుడు. సభ్యులకి స్వయం సలహా అధికారం ఉంది. వాళ్ళు కిటికీ దగ్గరికి పోనక్కర్లేదు, తమని తామే అడగొచ్చు.)

ముక్కలు పంచారు. రోసిత్సా అంచు లేపి చూసి ఒకటో కిటికీ వైపు తిరిగింది. భోజన విరామం అని బోర్డు. తెర వెనక నుంచి పేగుల సూపు వాసన, వెల్లుల్లి వాసన.

“ఇంజనీరు గారూ, ఒక్క మాట!”

“సూపు చల్లారిపోతుందమ్మా. తర్వాత రా.”

“ఆట మధ్యలో ఉన్నాను!”

“నేనూ గిన్నె మధ్యలోనే ఉన్నాను.”

ఆవిడ వెనక్కొచ్చి కూర్చుంది. అప్పుడే ఆ పొరపాటు జరిగింది, మా ఊరి మనిషి తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు. మా దగ్గర మంచి ఏం జరిగినా ముందు నలుగురి నోరూ తీపి చేయాలి. కొడుక్కి ఉద్యోగమొచ్చినా, పంటి నొప్పి తగ్గినా సరే. అందుకని ఆడవాళ్ళ సంచుల్లో గొడుగు లేకపోయినా చాక్లెట్ల పెట్టె ఉంటుంది. తీసుకున్నవాడు దేనికని అడగాలి, ఇచ్చినవాళ్ళు నిజం చెప్పాలి. అబద్ధమాడితే వచ్చిన మంచి నిలవదు. రోసిత్సా బుర్ర ఆసుల దగ్గరే ఉంది, చెయ్యి మాత్రం అలవాటుగా సంచిలోకి వెళ్ళింది. పెట్టె బయటికొచ్చింది, మూత తెరుచుకుంది, రంగెల్ ముందుకి జరిగింది.

రంగెల్ ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. “దేనికక్కా?”

ఆవిడ ముఖం పాలిపోయింది. కానీ అడిగాడు కదా. “రెండు ఆసులొచ్చాయిరా.”

రంగెల్ బల్ల గుద్ది గుద్ది నవ్వాడు. “అక్కా, నాకా చెప్తున్నావ్! ఆసులొచ్చినోళ్ళు నోరెత్తకూడదని రాసిందే మేము. నన్ను బెదరగొట్టి, ముక్కలు పారేయించి, పందెం నొక్కేద్దామనేగా?”

“ఒట్టురా.”

“ఎవరి మీద ఒట్టు?”

“మా పొయ్యి మీద.”

“అదెలాగూ చచ్చిందిగా!” అంటూ ఇంకోటి తీసుకున్నాడు. “బాగున్నాయి. ఎక్కడ కొన్నావ్?”

“ముందు ఆడరా, వాగింది చాలు.”

రంగెల్ కళ్ళు మూసుకుని తనని తాను సలహా అడిగాడు, కాసేపు విన్నాడు, ఒప్పుకున్నట్టున్నాడు. బిళ్ళలన్నీ మధ్యలోకి తోశాడు. రోసిత్సా కూడా అన్నీ తోసింది, ఆవిడ కుప్పే కాస్త పెద్దది. ముక్కలు తిప్పారు. వాడికి రెండు రాజులు. ఆవిడకి ఇస్పేటు ఆసు, కళావరు ఆసు. మధ్యలో తొమ్మిది, నాలుగు, రాణి, ఇంకో నాలుగు, ఆరు తెరుచుకున్నాయి. రాజులకి ఏ దిక్కునుంచీ సాయం రాలేదు, వాడి ముందు ఒక్క బిళ్ళ కూడా మిగల్లేదు.

“నిజమే చెప్పావా అక్కా?” అన్నాడు రంగెల్, నోట్లో చాక్లెట్ అలాగే పెట్టుకుని.

“అడిగావు కదరా గాడిదా.”

ఆసులు ఎలా ఆడాలన్న ప్రశ్నకి ఇంతకన్నా మంచి జవాబు నేను చూడలేదు. నిజం చెప్పేస్తే చాలు, సంఘం సభ్యులెవరూ నమ్మరు.

అప్పుడు కుట్సరోవ్ మీసాలు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. విన్నాడు. తల పట్టుకున్నాడు. సలహా లేకుండా ప్రథమ శ్రేణి జతని ఆడటం ఒక నేరం. మిఠాయి సాయంతో ఎదుటివాడికి ఆసుల సమాచారం చేరవేయడం రెండో నేరం, దీనికి ఇంకా నిబంధన లేదు, రాయాలి. కాబట్టి గెలుపు రద్దు కాలేదు, ఖాయమూ కాలేదు. పరిశీలనలో ఉంది. తేలేవరకూ కట్టెలు సంఘం ఆఫీసులో భద్రపరుస్తారు.

మర్నాడు రోసిత్సా, నేను ఆఫీసుకి వెళ్ళాం. తలుపు తీయగానే వేడి ముఖానికి కొట్టింది. తొమ్మిది మందీ చొక్కా చేతులు మడిచి కూర్చున్నారు. పొయ్యి మీద చిక్కుళ్ళ కుండ కుతకుత ఉడుకుతోంది.

“ఆ పొయ్యిలో మండేవి ఏం కట్టెలు?” అంది ఆవిడ.

“ఓక్ చెమ్మ పీల్చుకుంటుందమ్మా,” అన్నాడు కుట్సరోవ్. “గది పొడిగా ఉంచకపోతే నీ కట్టెలే పాడవుతాయి.”

“నా కట్టెలు ఆరడానికి నా కట్టెలే కాలుస్తున్నారా?”

“పరిరక్షణ వ్యయం. ఎంత మిగిలితే అంతా నీదే.”

రంగెల్ తల దించుకున్నాడు. అయినా పొయ్యి పక్క నుంచి జరగలేదు.

విచారణ రోజూ జరుగుతోంది. ఈ సంఘానికి ఇంత హాజరు ఎన్నడూ లేదు. కొందరు సభ్యులు పెళ్ళాల్ని కూడా తీసుకొస్తున్నారు, సాక్షులుగా. విషయం లోతైనది కాబట్టి తొందరపడకూడదని, చెట్లు చిగురించేనాటికి తీర్పు రావచ్చని అంటున్నారు.

పెద్దల్లారా, వసంతం దాకా ఎవడాగుతాడు? ఇవాళే లారీ తెప్పించండి. మిగిలిన కట్టెలు మీ చేతులతో ఎక్కించి, రోసిత్సా వాకిట్లో దించి, కొట్టంలో పేర్చండి. కాల్చినవాటికి బదులు మీ మీ ఇళ్ళ నుంచి తెచ్చి కలపండి. అదయ్యాక ఆసులు ఎలా ఆడాలో ఎంతసేపైనా చర్చించుకోండి, మేం అడ్డు రాం. కుర్చీలు కూడా వేస్తాం, ఆరుబయట.