గోవర్ధన్ తాగుడు మానిన రోజు

ఆ రోజుకు గోవర్ధన్ అనుకున్న పనులు మూడే. పొద్దున్నే స్నానం చేసి దీపం పెట్టాలి. కోరుట్ల నుంచి బామ్మర్ది మహిపాల్ తెచ్చే గోళీ వేసుకోవాలి. పదింటికి కరెంటు రాగానే సాంచాల దగ్గర, అంటే మరమగ్గాల దగ్గర, నిలబడాలి. మూడోదే కష్టం. సిరిసిల్లలో ఎనిమిది మరమగ్గాలను ఒక్క చేతి మీద నడిపిన మనిషికి రెండేళ్ళ కింద జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గాని, దాని వెంట పోయిన సత్తువ తిరిగి రాలేదు. ఒక్క రోజు పని చేస్తే మూడు రోజులు మంచం. రక్తం, ఎక్స్‌రే అన్నీ బాగున్నాయని కాగితాలు వచ్చాయి. కాగితాలు అంత బాగుండడమే అతని కొంప ముంచింది.

"నీ రోగానికి పేరు లేదు, ఊరు లేదు" అని సాంచాల యజమాని దేవేందర్ నిన్ననే తేల్చేశాడు. "రేపు పదింటికి రాకుంటే నీ సాంచాలు ఇంకొకనికి ఇస్త. నా మీద కోపం చెయ్యకు."

అతన్ని నమ్మింది జగిత్యాల డాక్టరు ఒక్కరే. "నువ్వు దొంగేషాలు వేస్తలేవు. ఇది ఎడతెగని అలసట జబ్బు. దీనికి ఖాయమైన మందు ఇంకా రాలేదు. తాగుడు మాన్పించే గోళీ ఒకటుంది. దాన్ని నీళ్ళల్ల కరిగించి రోజూ కొద్దిగ ఇస్తే కొందరికి పనిచేసింది, కొందరికి చెయ్యలే. మూడు నెలలు చూద్దాం" అన్నాడాయన. కల్లు అమ్మే మండువ దారిలో ఉందంటే చుట్టు తిరిగిపోయే గోవర్ధన్, తాగుడు అన్న మాట మింగేసి, ఇంటికొచ్చి భార్య పద్మజతో "బలం గోళీలు" అని మాత్రమే చెప్పాడు.

తెలంగాణ కోసం జరుగుతున్న సకల జనుల సమ్మెతో బస్సులు బందయ్యాయి. మహిపాల్ ముందు రోజే జగిత్యాలలో గోళీలు కొని, తెల్లవారకముందే కోరుట్ల నుంచి మోటారు సైకిలు మీద బయలుదేరాడు. మేడిపల్లి దగ్గర జనం రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. "మందులున్నయి, పోనియ్యుండ్రి" అని అతను సంచి విప్పి చూపించాడు. ఆ గుంపులో మందుల షాపు నడిపే ఆయన ఒకడున్నాడు. అట్ట తిరగేసి చూశాడు.

"ఇవి తాగుడు మాన్పించే గోళీలు. ఎవలకు తమ్మీ?"

"మా బావకు."

"బాగ తాగుతడా?"

పేరు చెప్పి కొన్నాడే గాని, అవి దేనికో మహిపాల్‌కే తెలియదు. శనివారం శనివారం ఒక్కపొద్దు ఉండే బావ. తల దించుకున్నాడు. గుంపు దాన్ని అవుననే అనుకుంది. అతనికి విస్తరి నిండా పప్పన్నం పెట్టి, వీపు తట్టి, బావ పేరూ ఊరూ అడిగి తెలుసుకుని, దారి ఇచ్చింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. సమ్మెలో ఉన్న బడి పంతులు ఒకాయన, సిరిసిల్ల దీక్షా శిబిరంలో కూర్చున్న తన దోస్తుకు ఫోను చేసి సంగతి చెప్పాడు.

గోవర్ధన్ దీపం పెట్టి కళ్ళు మూసుకున్నాడో లేదో, వీధి చివరి శిబిరం మైకు మొదలుపెట్టింది. "అన్నలారా, అక్కలారా. మన నేతన్న గోవర్ధన్ ఉద్యమం కోసం తాగుడు మానుతున్నడు. జగిత్యాలకెంచి గోళీలు తెప్పిచ్చుకుంటున్నడు. జై తెలంగాణ."

పద్మజ గరిటెతోనే బయటికి వచ్చింది. "ఏ గోవర్ధన్ గాయన?"

"ఊళ్ళె ఎంతమంది లేరు" అన్నాడు గోవర్ధన్.

అప్పుడే మహిపాల్ బండి దిగి, బావను కావలించుకుని ఏడ్చేశాడు. "గింత బాధ లోపల్నే పెట్టుకున్నవా బావా. నాకన్న చెప్పొద్దా."

పద్మజ గోళీల అట్ట లాక్కుంది. "బలం గోళీలంటివి గదా."

"బలానికే. రోజుకు కొన్ని చుక్కలే పద్మజా. అది గూడ డాక్టరు చెప్తెనే."

"తాగేటోళ్ళందరు గదే మాట చెప్తరు."

గంట తొమ్మిదిన్నర. ఇక ఆగలేక గోవర్ధన్ ఆమె చేతిలోంచి అట్ట తీసుకుని, గోళీని సీసా నీళ్ళలో కరిగించి, డాక్టరిచ్చిన సూది లేని సిరంజితో కొలిచి, ఏదైనా దేవుడికి చూపించి తీసుకునే అలవాటు కొద్దీ, పటాల ముందే అరచేతిలో పోసుకుని తీర్థంలా మింగాడు. ఎదురింటి లసుమవ్వ బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి అంతా చూసింది.

"ఓ పద్మజా, దేవుని ముంగటనే పోసుకుంటుండు సూడు."

క్షణంలో వాకిలి నిండింది. తనకు తాగుడే లేదని గోవర్ధన్ చెప్పిన కొద్దీ జనానికి జాలి ఎక్కువైంది. పద్మజ మాత్రం అతని మొహం దగ్గరికి వచ్చి వాసన చూసింది. అగరుబత్తి వాసన తప్ప ఏమీ లేదు. డాక్టరు చీటీ అడిగి తీసుకుని, చదివింది. అందులో అలసట జబ్బనే ఉంది. మొగుడి వైపు ఒక చూపు చూసింది. ఆ చూపులో, నాతో చెబితే పోయేదానికి ఊరంతటితో చెప్పించుకున్నావు కదా అని ఉంది.

పది కొట్టింది. కరెంటు వచ్చింది. వీధి వీధంతా సాంచాలు దడదడలాడాయి, అతని ఎనిమిది తప్ప. చెప్పులేసుకుని పరుగెత్తబోయి, సత్తువ చాలక గడప మీదే కూలబడ్డాడు. తలెత్తితే ఎదురుగా దేవేందర్. చేతిలో సాంచాల షెడ్డు తాళంచెవి.

"అయిపోయింది" అనుకున్నాడు గోవర్ధన్.

దేవేందర్ అతని పక్కనే గడప మీద కూర్చున్నాడు. "ముందుగాల చెప్పొద్దా గోవర్ధన్? మా అన్న గిట్లనే తాగుడు మానిండు. ఆర్నెల్లు కాలు చేయి లేవకపోయె. నేను నీది దొంగనాటకం అనుకుంటి. ఇప్పటికైతే నాలుగు సాంచాలే నడుపు. ఎత్తు పీట ఏపిస్త, కూసోని చూసుకో. పగటీలి గంటసేపు ఒరుగు. ఇంకొకనికి ఇయ్య, సరేనా?"

రెండేళ్ళుగా కాగితాలు పట్టుకుని, కాళ్ళావేళ్ళా పడి అడిగినవి ఇవే. గోవర్ధన్ నోరు తెరిచాడు. "దేవేందరన్నా, నేను అసలు..."

పద్మజ అతని కాలు తొక్కింది. "ఎక్కువ మాట్లాడకు. అలిసిపోతవు."

సాయంత్రం లసుమవ్వ తన మొగుడు రాజయ్య రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చింది. "ఎట్ల మానినవో గీయనకు జర చెప్పు."

గోవర్ధన్ ఇక దాచదలచుకోలేదు. "అవ్వా, నాకు తాగుడంటే ఎట్లుంటదో గూడ తెల్వది."

రాజయ్య కళ్ళు పెద్దవి చేసి భార్య వైపు తిరిగాడు. "సూసినవా, యాదికి గూడ లేకుంట చేసిందట గోళీ. నాకద్దు."

మూడు వారాలకు గోవర్ధన్‌కు ఒంట్లో కాస్త తేలిక తెలిసింది. అది చుక్కల వల్లనో, పీట వల్లనో, పగటి గంట కునుకు వల్లనో డాక్టరు కూడా చెప్పలేనన్నాడు. జబ్బంటే నమ్మని లోకం తాగుడంటే ఎందుకు నమ్మిందో గోవర్ధన్‌కు ఇప్పటికీ తెలియదు. రోజూ దీపం ముందు కూర్చుని, స్వామి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేద్దామనుకుంటాడు.

నిజం చెబితే ఆ పీట పోతుందని స్వామికి కూడా తెలిసినట్టే ఉంది, అడగడం లేదు.