పోడియం వెనక జానెడు పీట

వినండి సజ్జనులారా! కృష్ణవేణీ తరంగ శీతల సమీరాలతో చల్లబడవలసింది పోయి వాహనధూమంతో వేడెక్కిన బెజవాడ మహానగరాన, బెంజ్ సర్కిల్ పద్మవ్యూహాన్ని ఛేదించుకొని కాలేజీ బస్సులు ఈశాన్య దిశగా దండెత్తే ప్రాతఃకాలాన, గన్నవరానికి ఆవల, విమానాల నీడలు పాకే మైదానంలో విలసిల్లే ఒకానొక విశ్వవిద్యాలయంలో, ఫిబ్రవరి మాసపు శుక్రవారం నాడు సంభవించిన ఘోరసంగ్రామాన్ని చెబుతున్నాను. రథాలు విరగలేదు. రక్తం చిందలేదు. ఒక మేకు మాత్రం కొంచెం వంగింది.

ఆ విద్యానిలయపు సెమినార్ హాల్లో, వేదిక నడిమధ్య, ఒక మహాకాయుడు కొలువుదీరి ఉన్నాడు. అతడు మనిషి కాడు, పోడియం. టేకుకర్ర దేహం, ఇత్తడి ముద్ర మెరిసే విశాల వక్షస్థలం, నాలుగడుగుల నాలుగంగుళాల ఔన్నత్యం. ఆరడుగుల రెండంగుళాల తొలి వైస్ చాన్సలర్ గారి కొలతకు చేయించిన ఆ దారుదుర్గం, ఆయన రిటైరై వెళ్లిన నాటినుంచి, వచ్చిన వక్తనల్లా మింగుతూ వచ్చింది. కొందరు అధ్యాపకులను గడ్డం దాకా మింగింది. కొందరు ఆడపిల్లలను తలలోని మల్లెపూలతో సహా మింగింది. మైకు దాని నెత్తికే మరలతో బిగించి ఉన్నందువల్ల పక్కకు తప్పుకొని మాట్లాడే దారి ఎవరికీ లేదు.

అలా మింగుడుపడిన వారిలో అగ్రగణ్య మన కథానాయిక అక్షయ. పెడన చేనేత దంపతులు చౌడయ్య, రావమ్మల ఏకైక పుత్రిక, ఎం.ఎ. అర్థశాస్త్ర ద్వితీయ వర్ష విద్యార్థిని, నాలుగడుగుల ఏడంగుళాల వీరాంగన. గడచిన సెమిస్టరులో ఆమె చేనేత సహకార సంఘాల మీద పన్నెండు నిమిషాలు అనర్గళంగా ప్రసంగించగా, సభ దానిని ఆకాశవాణిలా ఆలకించింది. వాణి ఉంది, మనిషి లేదు. మార్కుల షీటు వచ్చింది. విషయ పరిజ్ఞానం పదికి తొమ్మిది. ఐ కాంటాక్ట్ అయిదుకి సున్నా.

"సార్, నేను అందరి వంకా చూశానండీ," అంది అక్షయ, మార్కులు వేసిన గోపీనాథ్ మాస్టారి ముందు నిలబడి.

"చూసే ఉంటావమ్మా, నేను కాదన్నానా? మాకు మాత్రం నీ పాపిడి తప్ప ఏమీ కనపళ్లేదు. పాపిడికి మార్కులెయ్యటానికి షీట్లో గడి లేదు కదమ్మా!" అన్నారాయన. మనసు మంచిదే. గడి లేదు, అంతే.

ఇప్పుడు ఆఖరి సెమినారు ముంచుకొస్తోంది. ప్రథమ శ్రేణికి అక్షయకు మూడంటే మూడు మార్కులు తక్కువ. ఆ మూడూ ఈ పోడియం వెనకే ఉన్నాయి. వాళ్ల వంశంలో ప్రథమ శ్రేణి అనే మాట ఇంతవరకు చీరల నాణ్యతకే తప్ప మనుషులకు వాడిన దాఖలా లేదు.

అందుచేత ఆమె సమాన అవకాశాల విభాగపు కన్వీనరు రామకోటేశ్వరరావు గారిని శరణు జొచ్చింది. పదకొండు సంవత్సరాలుగా అప్రతిహతంగా ఆ పీఠాన్ని ఏలుతున్న ఆ మహానుభావుడి కుర్చీ వెనక 'సమానత్వం మన దినచర్య కావాలి' అనే బ్యానరు సదా రెపరెపలాడుతూ ఉంటుంది, ఫ్యానుకు ఎదురుగా ఉంది గనక. ఆయన తానూ అయిదడుగులకు అటూ ఇటూగా ఉంటారు. పోడియం దగ్గర ఆయన ప్రసంగం ఏనాడూ నాలుగు నిమిషాలు దాటదు. దిగగానే కుర్చీలో కూలబడి పిక్కలకు బామ్ రాసుకుంటారు. అది వాగ్ధాటి వల్ల కలిగిన శ్రమ అని లోకం గౌరవంగా నమ్ముతుంది.

అక్షయ విన్నపం విని ఆయన మేఘగంభీర స్వరంతో ఇలా పలికారు: "అమ్మాయీ! ఆ పోడియం ముందు రాజు లేడు, పేద లేడు! ఆరడుగుల ఆజానుబాహువుకీ అదే, అయిదడుగుల అల్పప్రాణికీ అదే! అందరికీ ఒకే ఎత్తు! ఇంతకు మించిన సమానత్వం ఈ భూమండలం మీద ఎక్కడైనా ఉందా?"

"లేదండీ. కానీ నేను కనపడనండీ."

ఆయన ఎందుకో ఒకసారి తన బూట్లకేసి చూసుకున్నారు. పిమ్మట, మహావీరులు సంకటంలో ప్రయోగించే దివ్యాస్త్రాన్ని ప్రయోగించారు: ఉపసంఘం వేశారు. ఉపసంఘం టేపులు పట్టుకొని మూడు వారాలపాటు విద్యార్థులందరినీ కొలిచి, సగటు ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలని తేల్చి, సగటు విద్యార్థికి పోడియంతో ఏ ఇబ్బందీ లేదని ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఆ సాయంత్రం అక్షయ ఇంటికి ఫోన్ చేసి ఏడవబోయి, కోపం ముందు రావడంతో ఏడుపు మానుకుంది. అంతా విన్నాడు చౌడయ్య.

"సగటేందమ్మా సగటు? మన మగ్గంగుంటలో నేను కూచున్నప్పుడు కాళ్ల కింద తొక్కే పలకల తాళ్లు వదులు చేస్తా. మీ అమ్మ కూచుంటే బిగిస్తా. రోజుకి రెండుసార్లు చేస్తా ఆ పని. దానికి మీటింగులు పెట్టుకుంటామా? మీ అమ్మ కాళ్లు పొడుగయ్యేదాకా ఆగితే చీర నేసేదెవరు?"

"మధ్యలో నా కాళ్ల సంగతెందుకయ్యా నీకు?" అని వెనకనుంచి రావమ్మ గొంతు వినిపించింది. "ముందు పిల్లకి పీట చెయ్యి!"

అంతట ఆ తంతువాయశిఖామణి చౌడయ్య, పాత మగ్గం విప్పగా మిగిలిన పలకలు వెతికి, ఎనిమిది మేకులు కొట్టి, జానెడు ఎత్తు పీట తయారుచేసి, శుక్రవారం తెల్లవారే బస్సెక్కి, గుడివాడ దాటి, హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి, పీటను ఒళ్లో పసిబిడ్డలా పెట్టుకొని విశ్వవిద్యాలయ మహాద్వారం చేరుకున్నాడు. అక్కడ ద్వారపాలకుడు సొలొమోను లాఠీ అడ్డం పెట్టాడు.

"చెక్క సామాను లోపలికి అలౌడ్ కాదండీ. పర్మిషన్ లెటరుండాలి."

"ఇది సామాను కాదు బాబూ. మా అమ్మాయి ఎత్తు. ఇంటి దగ్గర మర్చిపోయింది."

సొలొమోను తీవ్రంగా ఆలోచించాడు. ఎత్తు లోపలికి తేకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. లాఠీ దించాడు.

హాలు తుడిచే మణెమ్మ ఆ పీటను అందుకొని, పోడియం వెనక పెట్టి, కాలితో తొక్కి చూసి, "గట్టిదే," అంది.

"ఎవరన్నా తీసెయ్యమంటారేమో పిన్నీ," అంది అక్షయ.

"అనాల్సినాయన పదకొండేళ్ల నించి మునివేళ్ల మీద నిలబడతన్నాడే! తుడిచేది నేనేగా. అందరి బూట్లకీ మడమ గుర్తులుంటయ్. ఆయనకి ముందు గుర్తులే ఉంటయ్. ఎవరికీ చెప్పబాక, పాపం పెద్దాయన."

పది గంటలైంది. సభ నిండింది. ఆఖరి వరసలో చౌడయ్య కండువా సర్దుకొని కూర్చున్నాడు. ప్రారంభోపన్యాసం చేయడానికి రామకోటేశ్వరరావు గారు వేదిక ఎక్కి, పోడియం వెనకకు నడిచి, కింద చూసి, స్తంభించారు. "ఎవరిదీ పీట? ఎవరు పెట్టమన్నారు? ఇది స్టాకు రిజిస్టర్లో లేదే!" అన్నారు. మైకు ఇంకా వెయ్యలేదు గనక ఆ హుంకారం మొదటి వరసకే వినిపించింది. మొదటి వరసలో కూర్చున్న అక్షయ కుర్చీలోంచి సగం లేచింది.

మణెమ్మ బకెట్టు పట్టుకొని మెల్లగా వచ్చింది. "నేల తడిగా ఉందండీ సార్. ఇప్పుడే తుడిచా. బూట్లు జారతయ్. కాసేపు దాని మీద నిలబడండి, ఆరాక తీసేద్దాం."

ఆయన మణెమ్మను చూశారు. మణెమ్మ బకెట్టును చూసింది. రెండు సైన్యాల నడుమ రథం నిలిచిపోయినట్లు ఒక క్షణం కాలం నిలిచిపోయింది. ఆపైన, ఎడమపాదం ఎత్తి, కుడిపాదం ఎత్తి, ఆ సమానత్వ సంరక్షకుడు పీట మీద నిలిచారు. పదకొండేళ్ల తరువాత ఆ పోడియం వెనక ఆయన మడమలు కిందికి ఆనాయి. ముఖం మీద ఏదో చిన్ననాటి సుఖం మెదిలింది. కన్వీనరు గారు టై కూడా కట్టుకుంటారని సభకు తొలిసారి తెలిసింది.

ఆయన ఇరవై ఆరు నిమిషాలు మాట్లాడారు. సంగ్రామంలో సభ పొందిన గాయం అదొక్కటే. ఆ భారానికి ఒక మేకు వంగింది.

తరువాత అక్షయ ఎక్కింది. అక్కడినుంచి చూస్తే హాలు ఇంత పెద్దదా అనిపించింది. గోపీనాథ్ మాస్టారిని చూసింది. ఆయన ఉలిక్కిపడి కళ్లద్దాలు సర్దుకున్నారు. ఆఖరి వరసలో తండ్రిని చూసింది. చౌడయ్య ఆమె ముఖం చూడలేదు. కాళ్లు ఊగుతున్నాయా లేదా అని, కనపడని పీట వంకే చూస్తూ కూర్చున్నాడు. ఆమె గొంతు మూడో వాక్యానికల్లా నిలదొక్కుకుంది.

ఐ కాంటాక్ట్ అయిదుకి నాలుగు. ఒక మార్కు ఏమైందని అడిగితే, "మరీ అంత సూటిగా చూస్తే ఎట్లాగమ్మా, భయం వేసింది," అన్నారు మాస్టారు.

సభ ముగిశాక స్టోరు వాళ్లు పీట తీయడానికి వచ్చారు. రామకోటేశ్వరరావు గారు పిక్కలకు బామ్ రాసుకోకుండానే లేచి, సింహనాదం వంటి కంఠంతో, "నేల ఆరేదాకా దాన్ని ఎవరూ కదపకండి!" అని ఆజ్ఞాపించారు.

జయము జయము! జానెడు పీటకు జయము! మూడు మార్కులకు పైన మరొకటి గెలిచిన పెడన పుత్రికకు జయము! మణెమ్మ రోజూ పొద్దున్నే తొమ్మిదిన్నరకు అక్కడ ఒక చెంబు నీళ్లు చల్లుతుంది. ఆ నేల ఇంతవరకు ఆరలేదు.