అసలు ప్రతి అందినది

చదువుకునే తల్లిదండ్రులకు శుభవార్త. వాళ్ళ పసిపిల్లల్ని క్రెష్‌లో ఉంచే ఖర్చు ఇకమీదట తానే భరిస్తానని మన విశ్వవిద్యాలయం ప్రకటించింది. ప్రకటనకో సభ పెట్టారు. ఉపకులపతిగారు గంటన్నర మాట్లాడారు. "ఏ తల్లీ బిడ్డ కోసం పుస్తకం మూయకూడదు! ఏ బిడ్డా తల్లి పుస్తకం వల్ల ఏడవకూడదు!" అన్నారు. వెనక వరసలో ఒక బిడ్డ ఏడిచింది. ప్రసంగానికి అడ్డమని తల్లిని బయటికి పంపేశారు.

అలా బయటికి వెళ్ళిన తల్లిదే ఈ కథ. రసాయనశాస్త్రం ఆఖరి సంవత్సరం విద్యార్థిని. భర్త బస్సు డ్రైవరు. తెల్లారకముందే డ్యూటీ ఎక్కితే చీకటిపడ్డాక దిగుతాడు. అత్తగారు బట్టల దుకాణంలో కుట్టుపని చేస్తుంది. పది నెలల కూతురు లోకాన్నంతా మూతి ముడుచుకునే చూస్తుంది కాబట్టి దాన్ని బుంగమూతి అంటారు. మూడు నెలల ఫీజు ముందే కట్టకపోతే సోమవారం నుంచి బిడ్డను తేవద్దని క్రెష్ వాళ్ళు చెప్పేశారు. ల్యాబులో హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. ఆమె సంక్షేమ విభాగానికి వెళ్ళింది.

దరఖాస్తు పదకొండు పేజీలు. తల్లి గురించి తొమ్మిది, బిడ్డ గురించి ఒకటిన్నర, తండ్రి గురించి అర. ఆ అరపేజీలోనూ జీతమెంత అన్న ఒక్క ప్రశ్నే ఉంది. తండ్రి కూడా బిడ్డను ఎత్తుకోగలడన్న అనుమానం ఫారం తయారుచేసినవారికి రాలేదు. ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు మాత్రం బిడ్డను చూసుకోవడానికి తాము పనికిరామని సంతకం పెట్టాలి.

"పనికిరానని నా చేత్తో నేనే రాసివ్వాలా?" అంది అత్తగారు.

"మీ ఇష్టం అత్తయ్యా. పనికొస్తానని రాస్తే దుకాణం మానెయ్యాలి."

అత్తగారు సంతకం పెట్టింది. కింద తనంతట తానే 'నిజానికి నలుగుర్ని పెంచాను' అని ఒక ముక్క చేర్చింది. అదనపు రాతలున్నాయని ఆ పేజీని తిప్పి పంపారు.

సంక్షేమ విభాగం సూపరింటెండెంటుగారు ముప్పైరెండేళ్ళ సర్వీసులో ఒక్క నియమమైనా మీరని మనిషి. అందుకే ఆ విభాగంలో ఎవరి సంక్షేమమూ జరగలేదని గిట్టనివాళ్ళంటారు. ఆయన కాగితాలన్నీ చూసి, బిడ్డను చూపించమన్నారు. మర్నాడు ఆమె బుంగమూతిని చంకనేసుకుని వచ్చింది.

"పిల్లల్ని లోపలికి తేకూడదమ్మా. బోర్డు చూళ్ళేదా?"

"మీరే గదా సార్, చూపించమన్నారు?"

"చూపించమన్నాం గానీ తెమ్మన్లేదు."

పది కావడానికి పావుగంట ఉంది. పదింటికి ల్యాబు. ఆమె దరఖాస్తు ఆఖరి పేజీ తిప్పి, పదిహేడో నియమం పైకి చదివింది: 'ఆధారముల అసలు ప్రతులను పరిశీలన ముగియువరకు కార్యాలయమునందే ఉంచవలెను.'

"బిడ్డ ఉందనడానికి నేనిచ్చిన ఆధారమేంటి సార్?"

"పుట్టినతేదీ సర్టిఫికెట్టు."

"అది కాగితం సార్. అసలు ప్రతి ఇదీ," అని బుంగమూతిని ఆయన బల్లమీద కూర్చోబెట్టింది. "రసీదు ఇప్పించండి."

సూపరింటెండెంటుగారు నియమాన్ని మూడుసార్లు చదివారు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. 'ఆడశిశువు ఒకటి, సజీవము, అందినది' అని రాసి ముద్ర వేశారు. రెండో ముద్ర బుంగమూతి వేసింది, ఆయన చొక్కామీద.

పరిశీలన మామూలు వేగంతోనే సాగింది. అంటే ఏడు నెలలు. పొద్దున అసలు ప్రతిని అప్పగించడం, సాయంత్రం సంతకం చేసి తాత్కాలికంగా తీసుకుపోవడం. మధ్యాహ్నం తల్లి వచ్చి పాలిచ్చేది. దాన్ని 'ఆధారముల నిర్వహణ' కింద అనుమతించారు. గుమాస్తాలు వేళకు రావడం మొదలుపెట్టారు. బుంగమూతి ఒకరోజు నాలుగు సర్క్యులర్లు నమిలేసింది. వాటికోసం ఇంతవరకు ఎవరూ వెతకలేదు.

ఒక మధ్యాహ్నం అది టైపిస్టు కుర్చీ వదిలేసి, బీరువా దాకా ఆరడుగులు నడిచింది. సూపరింటెండెంటుగారు ఫైల్లో రాశారు: 'బిడ్డ నేడు నడిచినది. దయచేసి గమనించగలరు.' రిజిస్ట్రారు దగ్గర్నుంచి రెండ్రోజులకు జవాబు వచ్చింది: 'గమనించితిని.'

బిడ్డ నడిచిన రోజు సాయంత్రం తల్లి వచ్చేసరికి ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"మా పిల్లలు ముగ్గురూ ఎప్పుడు నడిచారో నాకు తెలీదమ్మా. ఇంటికెళ్ళేసరికి నిద్రపోయేవాళ్ళు. ఒకనాడు చూస్తే పరిగెత్తుతున్నారు, అంతే."

ఆమె బిడ్డను ఎత్తుకుంది. "రేపు కాస్త ముందుగా తీసుకొస్తాను సార్," అంది.

ఆమె ల్యాబులో ఒక్క రోజూ మానలేదు. పరీక్ష రాసింది, మొదటి శ్రేణిలో పాసయింది. ఫలితాలొచ్చిన రోజే సహాయంపై ఉత్తర్వు కూడా వచ్చింది: 'సదరు బిడ్డ ఏడు నెలలుగా విశ్వవిద్యాలయ కార్యాలయమునందే యుండుటచే, సంరక్షణ ఖర్చు అను ప్రశ్న ఉత్పన్నము కాదు. దరఖాస్తు తిరస్కరించడమైనది. అసలు ప్రతిని వాపసు తీసుకొనవలెను.'

ఆమె అది చదివి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. సూపరింటెండెంటుగారు మాత్రం నవ్వలేదు. రసీదు పుస్తకంలో 'వాపసు' అని రాయడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

"వచ్చే ఏడు ఇంకో అమ్మాయి వస్తే ఎట్లా సార్?"

"పదిహేడో నియమం మార్చేశారమ్మా. ఇకనుంచి నకళ్ళు చాలు."

వార్షికోత్సవంలో ఉపకులపతిగారు పథకం ఘనవిజయమని ప్రకటించారు. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు, లబ్ధిదారుల్లో నూటికి నూరుమంది పాసయ్యారు. దరఖాస్తు పెట్టింది ఒక్కరే కనక లెక్క చక్కగా కుదిరింది. మనమందరం చప్పట్లు కొట్టాం.

పత్రికలో వార్త పడ్డాక పాఠకులు ఉత్తరాలు రాశారు. ఆ వారం మేటి లేఖగా ఎంపికైన దాన్ని ఒక పెద్దమనిషి రాశారు: 'మా కాలంలో ఈ పథకాలన్నీ ఉన్నాయా? నేను పుట్టగానే మా అమ్మ కాలేజీ మానేసింది. నేనేం పెరగలేదా?' పత్రిక రాగానే ఆయన ముందుగదిలో కూర్చుని దాన్ని ఇంటిల్లిపాదికీ గట్టిగా చదివి వినిపించారు. కొడుకు భేష్ అన్నాడు. కోడలు ఆఫీసుకు వెళ్ళడంతో ఆయన తల్లి పక్కగదిలో మునిమనవణ్ణి నిద్రపుచ్చుతోంది. కాస్త మెల్లగా చదవమని చెయ్యి ఊపింది.