పిడుగుపిడికిలి కొత్త సంచికలో వాషింగ్ మెషిన్

ముందుగా ఒక మనవి. ఈ అక్షరాలు నేను ఆలస్యంగా నేర్చుకున్నవి. ఆయన పోయాక, ఇంటికొచ్చే కాగితాలు ఎవరిచేతా చదివించుకోకూడదని పట్టుబట్టి నేర్చుకున్నాను. ఒత్తులు ఎక్కడైనా జారితే మీరే సర్దుకోండి. రాయడం కూడా నిదానమే. ఒక్కో వాక్యం రాసి, చదువుకుని, నాకు నవ్వొస్తేనే ఉంచాను. నవ్వు రానివి కూడా కొన్ని మిగిలాయి, అవి లేకపోతే కథ ముందుకు నడవదు.

కొత్త కామిక్స్ వచ్చే రోజు అల్లుడు ఎవరూ లేపకుండానే లేస్తాడు. ఆయన ఉద్యోగం కళ్లజోళ్ల దుకాణంలో. పై వరుస కనిపిస్తోందా, కింది వరుస కనిపిస్తోందా అని జనాన్ని అడిగి, వాళ్ల చూపు ఎంత తగ్గిందో చెప్పడం ఆయన పని. మనసు మాత్రం సూపర్‌హీరోల దగ్గర ఉంటుంది. వారం వారం విడుదలైన పుస్తకాలన్నీ చదివి, భోజనాల బల్ల మీద ఫోన్ నిలబెట్టుకుని, వాటిమీద తన అభిప్రాయం చెప్పి లోకంలోకి వదులుతాడు. అభిప్రాయం అన్నది మన మాట. ఆయన దాన్ని తీర్పు అంటాడు. వినేవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లంతా ఆయన్ని గురువుగారూ అని పిలుస్తారు. ఇంట్లో ఎవరూ పిలవరు.

ఆయన కాక ఇంట్లో ఉండేది ఇద్దరే. ఒకరు ఆయన భార్య, అంటే ఈ కథలో కూతురు. ఇంటి సామాన్లు తయారుచేసే కంపెనీలో పనిచేస్తుంది. మిక్సీ కొన్నా, వాషింగ్ మెషిన్ కొన్నా, డబ్బాలో అడుగున ఒక పుస్తకం ఉంటుందే, ఎలా వాడాలో చెప్పేది, అవన్నీ రాసేది ఆవిడే. రెండోవారు అత్తగారు. ఈ కథ రాస్తున్నది ఆవిడే కాబట్టి ఆవిడ సంగతి తక్కువగా చెప్పుకుందాం.

ఆ రోజు ఉదయం పథకం చాలా సులువైనది. ఒక వారపత్రిక సంపాదకురాలు అల్లుడికి కబురు పెట్టింది. పత్రికలో వారం వారం ఒక పేజీ ఖాళీ అవుతోంది. ఈ వారం పుస్తకాలమీద ఆయన చెప్పేది నచ్చితే ఆ పేజీ ఆయనదే. ఇన్నేళ్లు ఫోన్‌కి చెప్పిన మాటలు ఇక అచ్చులో కనిపిస్తాయి. అల్లుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు, అచ్చులో చొక్కా కనిపించదని తెలిసి కూడా.

"ఇవాళ నా ఫోన్ బిజీగా ఉంటుందోయ్. అర్జెంటైతే తప్ప చేయకు," అన్నాడు భార్యతో.

"అర్జెంటంటే ఎంత అర్జెంటు?" అంది కూతురు చెప్పులు వేసుకుంటూ.

"ఇల్లు తగలబడితే."

"ఇంట్లో ఉండేది మీరేగా. మీరే చెయ్యండి నాకు," అని ఆవిడ వెళ్లిపోయింది.

అల్లుడు ప్రతి పుస్తకం రెండు కాపీలు కొంటాడు. ఒకటి చదివే కాపీ. రెండోది దాచే కాపీ, దాని ప్లాస్టిక్ కవరు విప్పకూడదు, దానిమీద ఎండ పడకూడదు, అత్తగారు తడిచేత్తో అటువైపు వెళ్లకూడదు. చదివే కాపీలు ముందేసుకుని తీర్పు మొదలుపెట్టాడు.

"నీడరాణి. కొత్త దుస్తులు ఇచ్చారు, బాగున్నాయి. కానీ జేబులేవండీ? రాత్రంతా మేడలెక్కి దొంగల్ని పట్టే మనిషి ఇంటి తాళాలు ఎక్కడ పెట్టుకుంటుంది? తర్వాతది, ఆరుగురు అజేయులు. ఒక్క విలన్ని కొట్టడానికి ఆరుగురికి ఇన్ని సంచికలు పట్టిందంటే, ఇక అజేయుడు వాడే."

పిడుగుపిడికిలిని చివరికి ఉంచుకున్నాడు. అందులో వంతెన కూలి హీరో తమ్ముడు చనిపోతాడు. ఎర్ర ముసుగు హీరో వానలో మోకాళ్లమీద కూలబడతాడు. అల్లుడు పేజీ తిప్పాడు. అవతలి పేజీలో ఒక వాషింగ్ మెషిన్ బొమ్మ ఉంది. దాని కింద ఇలా ఉంది:

'తలుపు తెరుచుకోకపోతే కంగారు పడకండి. లోపల నీళ్లున్నంతసేపు అది తెరుచుకోదు. బలవంతం చేయకండి. నీళ్లు పోయాక తనంతట తనే తెరుచుకుంటుంది.'

అల్లుడు కాఫీ కప్పు కింద పెట్టాడు.

ఏం జరిగిందో మీకు ఇప్పుడే చెప్పేస్తాను, దాచి లాభం లేదు. కామిక్స్ అచ్చయ్యేదీ, కూతురి కంపెనీ పుస్తకాలు అచ్చయ్యేదీ ఒకటే ప్రెస్సు. కాగితం సైజు ఒకటే, పక్కపక్క బల్లలు. మధ్యలో పెట్టాల్సిన మడతల కట్టలు ఒకటి అటూ ఒకటి ఇటూ మారిపోయాయి. ఎవరో చూసేలోపు కొన్ని కాపీలకు పిన్నులు పడిపోయాయి. అలాంటి ఒకటి అల్లుడి చేతిలో పడింది. ఊళ్లోవాళ్ల చూపు పరీక్షించే మనిషికి ఆ సంగతి కనిపించలేదు.

"అత్తయ్యగారూ, ఒకసారి ఇటు రండి. ఇది చదవండి," అన్నాడు.

అత్తగారు చేతులు తుడుచుకుని, కూడబలుక్కుంటూ చదివింది. "బాబూ, ఈ పేజీలు నాకు చక్కగా అర్థమయ్యాయి. ముందువే అర్థం కాలేదు. వాడు ప్యాంటు మీద చెడ్డీ ఎందుకు వేసుకున్నాడు?"

"చూశారా! అందరికీ అర్థమయ్యేట్టు రాశాడు!" అని అల్లుడు ఫోన్ వైపు తిరిగాడు. "మిత్రులారా, పిడుగుపిడికిలి నలభయ్యో సంచిక. తమ్ముడు పోయిన మనిషి ఏడుస్తాడని మనం అనుకుంటాం. ఈ రచయిత ఏడిపించలేదు. వాషింగ్ మెషిన్ చూపించాడు. 'లోపల నీళ్లున్నంతసేపు తలుపు తెరుచుకోదు.' ఇది మెషిన్ గురించా? దుఃఖం గురించండీ! ఇంకో చోట, 'బరువంతా ఒక పక్కకే చేరితే మెషిన్ ఊగిపోతుంది. ఆపి, చేత్తో సర్ది, మళ్లీ మొదలుపెట్టండి.' నేను ఇన్నేళ్లుగా చదువుతున్నాను. సూపర్‌హీరో పుస్తకంలో ఇంత మంచి వాక్యం చదవలేదు. ఇదే నా తీర్పు."

తీర్పు వదిలి, దాన్నే రాసి సంపాదకురాలికి పంపి, దుకాణానికి సెలవు చెప్పి, పొగడ్తలకోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

మొదటి ఫోన్ కామిక్స్ షాపాయనది. "గురువుగారూ, ఏం చేశారండీ మీరు? జనం వచ్చి వాషింగ్ మెషిన్ పేజీలేవంటున్నారు. నా దగ్గరున్న కాపీల్లో లేవు!"

"సరిగ్గా చూశారా?"

"నేను చూడ్డమేంటండీ, వాళ్లే చూస్తున్నారు! కవర్లన్నీ చింపేశారు. దాచే కాపీలు కూడా!"

అల్లుడు గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. దాచే కాపీల కవర్లు చింపేదాకా వచ్చిందంటే విషయం చిన్నది కాదు. తన దాచే కాపీ అలమరలోనే ఉంది. దాన్ని విప్పి చూస్తే సంగతి అక్కడితో తేలిపోయేది. కానీ ఆ ఆలోచన ఆయనకు రాలేదు. అలాంటి ఆలోచన వచ్చే మనిషి దాచే కాపీ కొనడు.

"నాకర్థమైంది," అన్నాడు నమ్మకంగా. "ముందు అచ్చేసిన కాపీల్లో ఆ పేజీలున్నాయి. తర్వాత ప్రచురణకర్త భయపడి తీసేయించాడు. హీరోని బలహీనుడిగా చూపించామని జంకాడు."

ఈ మాటే మళ్లీ ఫోన్‌కి చెప్పి వదిలాడు. మధ్యాహ్నానికల్లా ప్రచురణకర్త ఆఫీసు ముందు జనం చేరారు. 'మా పేజీలు మాకివ్వండి' అని అట్టలు పట్టుకున్నారు. ప్రచురణకర్త మెట్ల మీద నిలబడి, అసలు అలాంటి పేజీలే లేవని చెప్పాడు. దాంతో ఉన్నాయని అందరికీ రూఢి అయిపోయింది. పిడుగుపిడికిలి రాసే రచయితకు ఎవరో ఫోన్ చేసి ఆ వాక్యాలు ఎలా తట్టాయని అడిగారు. ఆయన తన పుస్తకం అచ్చయ్యాక చూసుకునే రకం కాదు. "రచయిత అన్నీ వివరించకూడదు," అన్నాడు.

సరిగ్గా ఆ సమయంలో కూతురు ఆఫీసులో ఇంకో ఫోన్ మోగుతోంది. ఇళ్లకు వెళ్లి మెషిన్లు బిగించే ఆయన చేశాడు.

"మేడమ్, గొట్టం ఎటు పెట్టాలో పుస్తకంలో చూస్తే, ఒకడు మేడ మీంచి దూకుతున్నాడు. ఇంటావిడ భయపడిపోతోంది. మెషిన్ వెనక్కి తీసుకెళ్లమంటోంది."

"ఎవడు దూకుతున్నాడు?"

"ఎర్ర ముసుగువాడు మేడమ్. తర్వాతి పేజీలో వానలో కూర్చుని ఏడుస్తున్నాడు కూడా."

పెళ్లయినప్పటినుంచీ ఎర్ర ముసుగువాడితో ఒకే ఇంట్లో ఉంటున్న కూతురికి ఆపైన వివరం అక్కర్లేకపోయింది. ప్రెస్సుకు ఫోన్ చేసి కట్టలు మారాయని తెలుసుకుంది. భర్తకు చేసింది. బిజీ. మళ్లీ చేసింది. బిజీ. ఈలోగా పక్క కుర్చీ ఆవిడ తన ఫోన్ తెచ్చి చూపించింది. "ఈయన మీవారే కదూ? ఏదో మన మెషిన్ గురించే మాట్లాడుతున్నట్టున్నారు."

కూతురు మొత్తం విన్నది. తర్వాత రచయితగారి 'అన్నీ వివరించకూడదు' కూడా విన్నది. బ్యాగు తీసుకుని లేచింది.

ఆవిడ ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో సంపాదకురాలు కూర్చుని ఉంది, పక్కన ఫొటోలు తీసే ఆయన. అట్టమీద బొమ్మగా వేయడానికి ఆ పేజీలు ఫొటో తీయాలని వచ్చారు.

"పేజీ మీకే ఇద్దామనుకుంటున్నాను," అంటోంది సంపాదకురాలు. "ఒక్క సందేహం. ఈ పేజీలు ఒక్క మీ కాపీలోనే ఎందుకున్నాయి? మీ దగ్గర ఇంకో కాపీ ఉందన్నారుగా, చూపించండి."

"అది చూపించే కాపీ కాదండీ. దాచే కాపీ."

"విప్పి చూస్తే తెలిసిపోతుందిగా?"

"విప్పితే అది దాచే కాపీ కాదు కదండీ."

సంపాదకురాలు అత్తగారి వైపు చూసింది. అత్తగారు మంచినీళ్ల గ్లాసు అందించింది, అంతకుమించి చేయగలిగింది లేక.

"పోనీ ఆ వాక్యం ఇంకోసారి చదవండి," అంది సంపాదకురాలు.

అల్లుడు పుస్తకం తెరిచి, కళ్లు సగం మూసి చదివాడు. "'నీళ్లు పోయాక తనంతట తనే తెరుచుకుంటుంది...'"

"'అప్పటికీ తెరుచుకోకపోతే మమ్మల్ని పిలవండి, వస్తాము,'" అంది కూతురు గుమ్మంలోంచి.

అల్లుడు పుస్తకంలోకి చూశాడు. అదే వాక్యం, పక్క పేజీలో. "నీకెలా తెలుసు?"

"రాసింది నేను కాబట్టి."

అల్లుడి ముఖం మెల్లగా వెలిగింది. "పిడుగుపిడికిలి రాసేది నువ్వా? ఇన్నేళ్లనుంచీ? నాకు ఒక్కమాటైనా చెప్పలేదే!"

"అయ్యో రామా," అని కూతురు బ్యాగులోంచి వాషింగ్ మెషిన్ పుస్తకం తీసి బల్లమీద పెట్టింది. మధ్యలో తెరిస్తే ఎర్ర ముసుగువాడు వానలో ఏడుస్తున్నాడు. తర్వాత ఆవిడ అలమర దగ్గరకు వెళ్లి, దాచే కాపీ తీసి, కవరు చింపింది. ఆ చప్పుడుకి అల్లుడు కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి, ఆ కాపీ నడిమి పేజీల్లో వాన కురుస్తూనే ఉంది, హీరో ఏడుస్తూనే ఉన్నాడు. వాషింగ్ మెషిన్ ఎక్కడా లేదు.

"మీరు మన మెషిన్ పుస్తకం ఒక్కసారైనా తెరిచి ఉంటే మొదటి లైనులోనే తెలిసేది," అంది కూతురు. "మీకోసమే ఆ తలుపు సంగతి రాశాను. నీళ్లు పోకముందే పీకుతారు."

అల్లుడు కూర్చుండిపోయాడు. సంపాదకురాలికి జాలి వేసింది. "ఒక పని చేద్దాం. పొరపాటు దొర్లిందని రెండు లైన్లు రాసేయండి. లేదా జోకు అనండి. జనం మర్చిపోతారు. మిగతా పుస్తకాల మీద రాసింది బాగానే ఉంది."

పేజీ ఇంకా చేతికి అందే దూరంలోనే ఉంది. రెండు లైన్లు చాలు. అల్లుడు చదివే కాపీ దగ్గరకు లాక్కుని ఆ పేజీలు మళ్లీ మొదటినుంచీ చదివాడు. ఈసారి మెషిన్ పుస్తకంగానే చదివాడు. చదివి లేచి నిలబడ్డాడు.

"జోకు అనను మేడమ్. పేజీలు మారడం పొరపాటే, అది చెప్తాను. ప్రచురణకర్తను అనవసరంగా తిట్టాను, క్షమాపణ కూడా చెప్తాను. తీర్పు మాత్రం మార్చను. ఈ వారం అచ్చయిన వాటన్నిటిలోకీ మంచి రచన ఇదే. ఎవరు రాసినా సరే. మా ఆవిడ రాసినా సరే."

"రాసినా సరే ఏంటి?" అంది కూతురు.

"మా ఆవిడ రాసింది," అని సరిదిద్దుకున్నాడు.

సంపాదకురాలు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. "మీరన్నది నిజం. అయితే ఇక పేజీ సంగతి తేలిపోయినట్టే."

"చాలా సంతోషం మేడమ్," అన్నాడు అల్లుడు.

"మీకు కాదండీ. ఆవిడకి." కూతురి వైపు తిరిగింది. "వారానికి ఒక పేజీ. ఇంట్లో ఉండే ఏ వస్తువు గురించైనా రాయండి, ఇలాగే రాయండి."

అల్లుడు ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. తన తీర్పుమీద తనే అప్పీలు చేయడం ఆయనకు అలవాటు లేదు.

సాయంత్రం ఫోన్ నిలబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. సగంమంది నమ్మలేదు. ప్రచురణకర్త గురువుగారిని బెదిరించాడని వాళ్లు ఇప్పటికీ అనుకుంటున్నారు. షాపాయన చిరిగిన కవర్ల కాపీలన్నీ చింపినవాళ్లకే అమ్మేసి, వచ్చే నెలకూడా ఇలాంటిదేమైనా ఉంటే ముందుగా చెప్పమన్నాడు.

వారం తిరక్కుండా కూతురు మొదటి పేజీ రాసింది, ఫ్రిజ్ తలుపు గురించి. రాసి భర్త ముందు పెట్టింది. ఆయన చదివి, గొంతు సవరించుకుని, కుర్చీలో వెనక్కి వాలి, వేలు పైకెత్తాడు. భార్య ముఖం చూశాడు. వేలు దించాడు.

"బాగుంది," అన్నాడు.

అల్లుడి తీర్పుల్లో ఇంత పొట్టి తీర్పు మరొకటి లేదు.

ఇట్లు,
అత్తగారు, డెబ్బై రెండేళ్లు,
ప్రస్తుతం కూతురింట్లో, వీధివైపు గదిలో.